తోపుడు బండి ముద్దాయి

లారీ కదిలితే తన ఉద్యోగం కూడా దానితోపాటే వెళ్లిపోతుందని కుందనకు తెలుసు. అందుకే వెళ్లి దాని ముందు చక్రానికి ఎదురుగా నిలబడింది. భుజం మీద ఆరు నెలల కొడుకు. లారీలో, అరటిపళ్ల బండికీ మొక్కజొన్న పొత్తుల బండికీ మధ్య, వాడి నీలం రంగు బండి తలకిందులుగా పడి ఉంది. లారీ వెనక అంచు మీద అత్తగారు వరహాలమ్మ కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. బండితోపాటు తననూ జప్తు చేసుకోమని ఆవిడ పట్టు.

"దిగండమ్మా. మనుషుల్ని జప్తు చేసే అధికారం మాకు లేదు" అన్నాడు ఆక్రమణల తొలగింపు దళం మేస్త్రి కోదండం.

"మరి మా బండినెలా చేశావయ్యా?"

"బండి మనిషి కాదు కదండి."

"అందులో మనిషి ఉన్నాడుగా."

"ఆయన్ని తీసి మీ చేతికిచ్చాకేగా ఎక్కించాం. ఆ మర్యాద మేం తప్పలేదండి."

జరిగింది చాలా చిన్న విషయం. దిష్టి తగులుతుందని ఆరో నెల వచ్చేదాకా గడప దాటనివ్వని మనవణ్ణి వరహాలమ్మ ఆ మధ్యాహ్నమే మొదటిసారి బండిలో పడుకోబెట్టి పార్కు వీధికి తోసుకొచ్చింది. నందిరేవులో పసిబిడ్డను తొలిసారి చూసినప్పుడు ఉత్త చేతులతో చూడరు. గుప్పిట్లో ఏదో ఒక నోటు పెట్టాలి. పార్కు దగ్గరున్న ఆడవాళ్లంతా బండి చుట్టూ మూగి, తలా ఒక నోటు పెట్టి, బుగ్గలు పుణికి, నవ్వుకుంటూ వెళ్తున్నారు. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి దళం లారీ వచ్చింది. దళానికి కనిపించినవి మూడే. నాలుగు చక్రాల బండి, చుట్టూ జనం, చేతులు మారుతున్న డబ్బు. పదిహేనేళ్ల అనుభవం ఉన్న కోదండం నాలుగోదాని కోసం ఆగలేదు.

కబురు తెలిసి కుందన పరుగెత్తుకొచ్చేసరికి బండి గాల్లో ఉంది. అది స్ట్రోలర్ అని ఆమె మొత్తుకుంది. కోదండం ఎటో చూశాడు. మళ్లీ చెప్పింది. అతను చెవి గోక్కున్నాడు. పురపాలక సంఘంలో ఆ వారం అచ్చ తెలుగు వారోత్సవాలు జరుగుతున్నాయి. విధుల్లో ఉన్న సిబ్బంది పరభాషా పదం పలకరాదు, ఎవరైనా పలికితే వినరాదు అని ఉత్తర్వు.

"తెలుగులో చెప్పండమ్మా. ఇంతవరకూ మీరు నాతో ఏమీ మాట్లాడనట్టే లెక్క" అన్నాడు కోదండం నొచ్చుకుంటూ.

కుందన ఆలోచించింది. పుట్టి బుద్ధెరిగాక ఆ వస్తువును తెలుగులో ఏమంటారో తెలుసుకోవాల్సిన అవసరం ఆమెకు పడలేదు. "అంటే... పిల్లల్ని పడుకోబెట్టి... తోసుకెళ్లే... తోపుడు..."

"తోపుడు?"

"తోపుడు బండి."

కోదండం జేబులోంచి కలం తీశాడు. నేరం తనంతట తానే ఒప్పుకుంది కాబట్టి సంకెళ్ల అవసరం రాలేదని తోటివాడితో మెచ్చుకోలుగా అన్నాడు. లారీ వెనక్కి తిరిగి, ఇంకో సందులోంచి వెళ్లిపోయింది. వరహాలమ్మ ముందే దూకేసింది కాబట్టి నడుము దక్కింది.

ఆ బండి లేకపోతే ఏమవుతుందో అత్తాకోడళ్లు ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. తెల్లారితే కుందన ప్రసూతి సెలవు అయిపోతుంది. రొయ్యల ఫ్యాక్టరీలో తన సూపర్‌వైజర్ కుర్చీ కోసం మేనేజరు మరదలు అప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టిందని వార్త. రేపు రాకపోతే మళ్లీ రానక్కర్లేదని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. మొగుడు ఫణీంద్ర నడిసముద్రంలో గ్యాసు రిగ్గు మీద ఉన్నాడు. పిల్లాణ్ణి చూసుకోవాల్సింది వరహాలమ్మే. ఆవిడకా కుడి గూడ పట్టేసింది. చెయ్యి భుజం పైకి లేవదు, పిల్లాణ్ణి ఎత్తుకుని తిప్పడం ఆవిడ వల్ల కాదు. వాడా, కదలకుండా పడుకోబెడితే ఊరంతా లేచేలా ఏడుస్తాడు. ఎత్తడం లేకుండా తోసుకు తిరగడానికి ఒకే ఒక్క ఉపాయం దొరికింది. అదిప్పుడు పొత్తుల బండి కింద పడి ఉంది.

ఇద్దరూ ఆటో ఎక్కి పురపాలక కార్యాలయానికి వెళ్లారు.

వసారా నిండా బండ్లు పోయిన వ్యాపారులు కూర్చుని ఉన్నారు. అరటిపళ్ల ధనమ్మ జరిగి చోటిచ్చింది. మొదటిసారా అని అడిగింది. లోపల ఉన్నది గుణేశ్వరరావుగారని, వీధి వాణిజ్య క్రమబద్ధీకరణ అధికారి అని, ఈ అచ్చ తెలుగు పిచ్చి ఆయనదేనని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఉత్త చేతుల్తో మాత్రం ఎల్లకమ్మా. ఆయన్నీ చంటిపిల్లల్నీ ఎవరూ ఉత్త చేతుల్తో చూడరు. చంటిపిల్లలు నయం, నవ్వుతారు."

పిలుపు వచ్చింది. గుణేశ్వరరావుగారు దూరవాణిలో మాట్లాడుతున్నారు. గుండ్రటి మనిషి. నుదుట తిలకం, చూపుడువేలికి పుష్యరాగం ఉంగరం. మాట్లాడటం ముగించి, కుందననూ, పిల్లాణ్ణీ, వరహాలమ్మనూ ఒకే చూపులో కలిపి చూశారు.

"ఉపవిష్టులు కండి. విక్రయ వస్తువు ఏమి?"

కూర్చోమన్నారని అర్థమై కూర్చుంటూ, వస్తువేమీ కాదని, తన కొడుకని కుందన చెప్పింది. ఆయన గోడకున్న పట్టిక చూసి తల అడ్డంగా ఊపారు. పండ్లు, కూరగాయలు, పూలు, ప్లాస్టిక్ బదులు నారసామగ్రి, ఇస్త్రీ, దోసె. కొడుకులు లేరు. బండిలో ఇంకేమైనా దొరికిందా అని కోదండాన్ని అడిగారు. పాలసీసా దొరికిందన్నాడు. ఆయన ముఖం తేటపడింది.

"పాలు, పాల ఉత్పత్తులు. ఇంత సులభముగా తేలవలసినదానికి తల్లులు ఎందుకో ఉద్వేగపడుదురు."

తాము ఏమీ అమ్మలేదని, ఊరికే వాణ్ణి చూడ్డానికి జనం వచ్చారని కుందన అంది. అన్న మరుక్షణం నాలుక కరుచుకోవాల్సింది. అది అప్పుడు ఆమెకు తెలియదు.

"అనగా ప్రదర్శన" అన్నారు గుణేశ్వరరావుగారు ముందుకు వంగి. "చూచినవారు ధనము ఇచ్చిరి. ఇచ్చినవారు నవ్విరా?"

"నవ్వారండి."

"అయినచో వినోదము కూడా."

"పసివాణ్ణి చూసి నవ్వకపోతే ఏడుస్తారేంటండీ?" అంది వరహాలమ్మ.

"ఏడ్చినచో విషాద ప్రదర్శన. రుసుములో తేడా లేదు."

బండి ఎప్పుడిస్తారని కుందన అడిగింది. దానికి ఆయన చాలాసేపు చెప్పిన జవాబు సారాంశం ఇది. బండి పెట్టి బతికేవాళ్ల సంక్షేమం కోసం పుట్టిన నిబంధన ఇది. పైసా లేనివాడి పేరు మీద ధనికుడు బండి నడపకుండా, ప్రతి బండీ ఆ కుటుంబపు జీవనశైలికీ ఆర్థిక స్తోమతకూ తగినదై ఉండాలి. తగినదే అని రుజువు చేసుకుంటే బినామీ బండి అన్న ఆరోపణ పోతుంది. కాబట్టి ఈ బండినే ఎందుకు ఎంచుకున్నారో దాపరికం లేకుండా చెప్పాలి.

కుందన ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి అడగాలేగాని ఆమె పొద్దుపోయేదాకా చెప్పగలదు. ఆ కుటుంబంలో ఈ మధ్య దానికంటే పెద్ద నిర్ణయం జరగలేదు.

కాకినాడ కొట్టుకి అత్తాకోడళ్లిద్దరూ వెళ్లారని మొదలుపెట్టింది. మీ లైఫ్‌స్టైల్ ఏమిటని కొట్టు కుర్రాడు అడిగాడు. ఆ పదం దగ్గర గుణేశ్వరరావుగారు చెవులు మూసుకుని తెరిచారు. మా ఇంట్లో అలాంటివి లేవు బాబూ, అందరం పద్ధతిగా ఉంటామని అత్తగారు చెప్పింది. మొదట ఆ కుర్రాడు మూడు చక్రాల బండి చూపించి, పరుగెత్తేవాళ్లకి ఇది బావుంటుందన్నాడు. మా వీధిలో నేను పరుగెత్తితే జనం ఇంట్లో దొంగలు పడ్డారనుకుంటారు, వద్దంది అత్తగారు. ఇంకోటి మడిస్తే విమానంలో తలమీద అరలో పట్టేస్తుందన్నాడు. విమానమెక్కేవాడు నా కొడుకు, వాడు హెలికాప్టర్లో పోతాడు, అందులో టిఫిన్ డబ్బా పెట్టుకునే చోటు కూడా ఉండదు, వద్దంది. ఒకటి చవగ్గా, తేలిగ్గా, గొడుగులా ముడుచుకుంటుంది. పైన కప్పు లేదు, కింద బుట్ట లేదు. ఎండలో పిల్లాణ్ణి ఎండుచేపను చేస్తావా అంది. మరొకటి మెత్తటి తోలు సీటుతో సింహాసనంలా ఉంది. ధర విని, ఇందులో పెరిగినవాడు రేపు మన ఇంట్లో నేలమీద కూర్చుని అన్నం తినడు, వద్దంది.

చివరికి ఈ నీలంది నచ్చింది. వీధి నిండా పైపుల కోసం తవ్విన గోతులే, కాబట్టి పెద్ద చక్రాలు. ఎండకు పైకప్పు. పిల్లాణ్ణి తిప్పుతూ రైతుబజారు పని కూడా చూసుకోవచ్చని కింద పెద్ద బుట్ట. ఇంటి ముందు రోడ్డు కాలవలోకి వాలి ఉంటుంది, కాబట్టి కాలితో నొక్కితే కదలకుండా నిలబడే బ్రేకు. వరహాలమ్మ అందులో పాతిక కేజీల బియ్యం బస్తా పెట్టించి కొట్టంతా తిప్పించి మరీ కొనిపించింది.

గుణేశ్వరరావుగారు కళ్లు మూసుకుని విన్నారు. ముగిశాక చాలా బాధగా కళ్లు తెరిచారు.

"అమ్మా, మా నిర్వచనము వినండి. చేతితో తోయదగినది. గుంతల మార్గమున పోదగిన చక్రములు గలది. పైన నీడ గలది. సరుకు నింపుటకు అడుగున అర గలది. వాలులో సైతము మార్గమధ్యమున నిలిచి ఉండగలది. ఇందులో ఒక్క లక్షణము తక్కువైనా మిమ్ములను ఈ క్షణమే విడిచిపెట్టెదను. ఆ ఎండుచేప బండి కొన్నారా, మీరు నిర్దోషులు. మీరు మరీ తగినది ఎంచుకొన్నారు."

"పైగా బస్తా కూడా పెట్టి చూశారండి" అని గుర్తుచేశాడు కోదండం.

బినామీ ఆరోపణ పోయింది. దాని స్థానంలో అసలు ఆరోపణ గట్టిపడింది. అయితే గుణేశ్వరరావుగారు కసాయి కాదు. మొదటి నేరం కాబట్టి శిక్ష మందలింపే, బండి ఈ పూటే ఇచ్చేస్తాం అన్నారు. ఒక్కటే మిగిలింది. ముద్దాయి ఎవరో తేలాలి. ముద్దాయి పేరును కార్యాలయం ముంగిట మైకులో, అంటే ధ్వనివిస్తారకంలో, ప్రకటించాలి. ప్రకటన మొదలుకాగానే బండి చేతికొస్తుంది. తేలకపోతే బండి ఊరవతల యార్డుకు పోతుంది. విచారణ సంఘం మళ్లీ వచ్చే నెల కూర్చుంటుంది.

"అయితే నా పేరు రాసుకోండి. తోసింది నేనే" అంది వరహాలమ్మ.

"కూలి ఎంత?"

"మనవడికి కూలేంటండీ?"

"వేతనము లేని శ్రామికురాలు. మీరు బాధితులమ్మా, ముద్దాయి కాలేరు." ఆయన స్వరం జాలితో తడిసింది.

తనే కొన్నాను కాబట్టి తన పేరు రాసుకోమని కుందన అంది. సంఘటనా స్థలంలో లేనందువల్ల ఆమె కేవలం పెట్టుబడిదారు అని తేలింది. పెట్టుబడిదారులను ప్రోత్సహించడం పురపాలక విధానం. ఫణీంద్ర నేరం జరిగిన సమయంలో బంగాళాఖాతంలో ఉన్నాడు, అది పురపాలక పరిధిలోకి రాదు. గుణేశ్వరరావుగారు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, గదిలో అటూ ఇటూ నడిచారు. కోదండం కలం సిద్ధంగా పట్టుకున్నాడు. సారు ఇలా నడిస్తే ఎవడో ఒకడు దొరుకుతాడని అతనికి నమ్మకం.

"బండిలో ఆసీనుడై ఉన్నదెవరు?" అన్నారు ఆయన. "జనమును ఆకర్షించినదెవరు? నవ్వించినదెవరు? అన్నిటికీ మించి, సొమ్ము ఎవరి చేతిలో ఉన్నది?"

అందరూ పిల్లాడి వైపు తిరిగారు. వాడు తల్లి భుజం మీద మేలుకుని ఉన్నాడు. గుప్పిట్లోంచి ఒక నోటు కొస బయటికి కనిపిస్తోంది.

దాన్ని స్వాధీనం చేసుకోమని ఆజ్ఞ అయింది. కోదండం వంగి, రెండు వేళ్లతో లాగాడు. పిల్లాడు నోటు వదల్లేదు, కోదండం వేలునూ పట్టేసుకున్నాడు. అటు మేస్త్రి, ఇటు ముద్దాయి, కాసేపు ఎవరూ తగ్గలేదు. చివరికి మేస్త్రే నవ్వేసి, వీడి పట్టు చూస్తే పాత నేరస్తుడేనండి అన్నాడు.

"పేరు?" అన్నారు గుణేశ్వరరావుగారు కలం విప్పి.

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు.

ఇరవై ఒకటో రోజున బారసాల మొదలైంది గానీ పూర్తికాలేదు. గ గుణింతంలో ఏ అక్షరమైనా నప్పుతుందని పురోహితుడు చెప్పాడు. అది అగ్గిపుల్ల గీసి ఇచ్చినట్టయింది. పోయిన తన భర్త పేరు గవర్రాజు అని పెట్టాల్సిందే అని వరహాలమ్మ. గగన్ అని కుందన. గగనమంటే దొరకనిదని అర్థం, వస్తువు గగనమైపోయిందంటాం, ఎవరైనా బిడ్డకు పెడతారా అని అత్తగారు. గవర్రాజంటే బడిలో పిల్లలు రెండో రోజుకే గవ్వరాజును చేస్తారని కోడలు. పళ్లెంలో బియ్యం మీద పేరు రాయాల్సిన ఫణీంద్ర బంగారు ఉంగరం పట్టుకుని ఇద్దరి మొహాలూ చూశాడు. రిగ్గు మీద అర్జెంటుగా పిలుస్తున్నారని వెళ్లిపోయాడు. అప్పటినుంచి వాడు ఒకరికి బుజ్జిగాడు, ఒకరికి చంటోడు. ఆసుపత్రివాళ్లకు బేబీ ఆఫ్ కుందన.

ఆ చివరిది రాసుకోవచ్చుగా అని కుందన ప్రాధేయపడింది.

"అది నామము కాదు, చిరునామా. పైగా పరభాష. నామరహితునిపై అభియోగము మోపుట అన్యాయము. మీ బిడ్డకు అన్యాయము చేయమందురా?" గుణేశ్వరరావుగారు వాచీ చూసుకున్నారు. "కార్యాలయము మూయులోగా నామకరణము జరగవలె. సంస్థ సహకరించును."

సంస్థ నిజంగానే సహకరించింది. అచ్చ తెలుగు వారంలో అచ్చ తెలుగు వేడుక కార్యాలయంలోనే జరగబోతోందని ఆయనకు పొంగొచ్చింది. జప్తు చేసిన దోసెల బండిలోంచి బియ్యం తెప్పించారు. పళ్లెం ఆయన భోజనం క్యారేజీ మూత. ధనమ్మ బండి మీది అరటిపళ్లనే తాంబూలానికి వాడారు. అవి తనవేనని ధనమ్మ గుర్తుపట్టి, తనకొచ్చిన పండు రెండుసార్లు తిప్పి చూసుకుని తినేసింది. బిడ్డను వేయడానికి ఉయ్యాల కావాలి. కార్యాలయంలో ఉయ్యాలకు దగ్గరగా ఉన్నది ఒక్కటే. సాక్ష్యాధారాన్ని తాత్కాలికంగా ఉయ్యాల హోదాలో లారీ నుంచి దించవచ్చని ఆయన మౌఖిక ఉత్తర్వు ఇచ్చారు. నీలం బండి వసారాలోకి వచ్చింది. పిల్లాడు అందులో పడగానే కాళ్లు ఎగరేశాడు. వ్యాపారం పోగొట్టుకున్న ఆడవాళ్లంతా వేరే పనిలేక జోలపాట అందుకున్నారు.

వరహాలమ్మ కోడలి చెవి దగ్గరికి వంగింది. గవర్రాజు అని రాసెయ్, గొడవ వదిలిపోద్ది, రేపు నీ ఉద్యోగానికి నువ్వు వెళ్తావు అంది. కుందన ఆ క్షణంలో లొంగిపోయేదే. ఆరు నెలల యుద్ధం ఒక బండికి పోతే పోనీ అనుకుంది. చెయ్యి బియ్యం మీద పెట్టాక ఆగింది.

"అత్తయ్యా, దోషి గవర్రాజు అని మైకులో అరుస్తారు. మావయ్యగారి పేరు."

వరహాలమ్మ ముఖం పాలిపోయింది. నలభై ఏళ్లు ఊళ్లో ఎవరిచేతా మాట పడని మనిషి ఆయన. ఆవిడ చప్పున వెనక్కి తగ్గింది. "వద్దమ్మా. నీ గగనే పెట్టు. మంచి పేరే అది. ఆకాశమంత."

"నా కొడుకు పేరు మాత్రం దోషుల్లో ఎందుకు చేరాలండీ? మీ పాత పేరే నయం."

ఆరు నెలలు ఎవరి పేరు కోసం వాళ్లు కొట్టుకున్న ఇద్దరూ ఇప్పుడు ఎదుటివాళ్ల పేరును తెగ పొగుడుతూ కొట్టుకోవడం మొదలుపెట్టారు. గుణేశ్వరరావుగారు గుమ్మంలోకి వచ్చి వాచీ వైపు వేలు చూపించారు. కోదండం లారీ తాళాలు ఆడించాడు.

కుందన ఆ వేలు చూసింది. వేలికున్న ఉంగరం చూసింది. ఆ గుమ్మం పైన తగిలించిన పేరు చూసింది. ఒక సందేహమండీ అంది, మర్యాదగా చేతులు కట్టుకుని. మైకులో పేరుతోపాటు తల్లిదండ్రుల పేర్లు, వయసు, వీధి కూడా చెబుతారా?

ఆయన నొచ్చుకున్నారు. ముద్దాయి బాలుడు. బాలుర వయసుగానీ, తల్లిదండ్రుల వివరముగానీ, చిరునామాగానీ, ఇంటిపేరుగానీ బయటపెట్టుట ఘోర నేరము. పేరొక్కటే ప్రకటింతురు. ప్రకటన పాఠం తాను స్వయంగా కూర్చినదే, దానిలో ఒక అక్షరం మార్చే అధికారం తనకు కూడా లేదు.

"ఒకసారి పేరు ప్రకటించాక వెనక్కి తీసుకోవడం ఉంటుందాండీ?"

"లేదు. ప్రకటితము ప్రకటితమే."

కుందన అత్తగారి వైపు తిరిగింది. మీ ఊళ్లో పిల్లలకు దిష్టి తగలకుండా ముందొక పనికిమాలిన పేరు పెడతారని చెప్పేవారు కదా, అసలు పేరు తర్వాత పెట్టుకుంటారని, అంది నెమ్మదిగా. అవునే, మా తమ్ముడికి పెంటయ్య అని పెట్టాకే బతికి బట్టకట్టాడు అంది వరహాలమ్మ. కుందన ఆవిడ చెవిలో ఒక మాట ఊదింది. వరహాలమ్మ కోడల్ని చూసింది. గుమ్మం పైన చూసింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి ఆవిడ కోడలి వీపు నిమిరింది, ఎడం చేత్తో.

"గ గుణింతమే" అంది. "దివ్యంగా ఉంది. దిష్టి దగ్గరికి కూడా రాదు."

కుందన గుణేశ్వరరావుగారి ముందుకు వెళ్లి, తండ్రి ఊళ్లో లేడు, బియ్యంలో పేరు రాయడానికి మీ ఉంగరం ఇప్పిస్తారా అని అడిగింది. ఈ ఊళ్లో ఇంత ధర్మంగా, ఇంత తెలుగులో మాట్లాడే మనిషిని తాను చూడలేదని, మీకు అభ్యంతరం లేకపోతే పిల్లాడికి మీ పేరే పెట్టుకుంటామని చెప్పింది.

గుణేశ్వరరావుగారికి కాసేపు అచ్చ తెలుగు కూడా రాలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన పేరును జనం రకరకాలుగా తలుచుకున్నారు, బిడ్డకు పెట్టుకుంటామని మాత్రం ఎవరూ అనలేదు. కళ్లు తుడుచుకుని, ఉంగరం తీసి ఇచ్చారు. సంస్థ పట్ల పౌరులకు గల గౌరవమునకు ఇది నిదర్శనమన్నారు. ధనమ్మ నోట్లో అరటిపండు అలాగే ఉండిపోయింది.

కుందన క్యారేజీ మూతలో బియ్యం మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది. పిల్లాడి చెవిలో మూడుసార్లు చెప్పింది. వాడు తుమ్మాడు. గుణేశ్వరరావుగారు ముద్దాయి పేరు అన్నచోట తన పేరు తనే, తన సంతకమంత అందంగా రాసి, బంట్రోతు నూకరాజు చేతికిచ్చారు. బయటికి వచ్చి ఆయనే మైకు సరిచేశారు. తాను కూర్చిన వాక్యం జనం ముందు వినపడటమంటే ఆయనకు ఎప్పుడూ ఇష్టమే. ఈ రోజు మరీనూ.

వసారాలోనూ, వీధిలోనూ జనం నిలబడ్డారు. బండ్లు పోయినవాళ్లు, చూడ్డానికి వచ్చినవాళ్లు, ఎదురుగా టీ తాగుతున్నవాళ్లు. నూకరాజు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నిబంధన ప్రకారం కోదండం ఆ క్షణమే నీలం బండి పిడిని వరహాలమ్మ చేతికిచ్చాడు. ఆవిడ ఇంకొకరు మనసు మార్చుకునేలోపు దాన్ని మెట్ల పక్క వాలు మీదుగా వీధిలోకి దించేసింది. పెద్ద చక్రాలు చప్పుడు కూడా చేయలేదు.

"నందిరేవు పౌరులకు తెలియజేయునది ఏమనగా" అన్నాడు నూకరాజు. "ప్రజలు నడిచే దారిలో అడ్డంగా కూర్చుని, వచ్చేపోయేవాళ్లను ఆపి, కష్టార్జితము వాళ్ల చేతుల్లోంచి తన చేతిలోకి పుచ్చుకొనుచు, పట్టుబడినప్పుడు సైతము గుప్పిట విప్పని దోషి..."

అక్కడ ఆగిపోయాడు. కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. తలెత్తి అధికారిని చూశాడు. మళ్లీ కాగితం చూశాడు. వీధిలో టీ గ్లాసులు గాల్లోనే ఆగాయి. వసారాలో ధనమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది, ఆమె వెనకే ఒక్కొక్కరూ.

కుందన పిల్లాణ్ణి అత్తగారి ఒళ్లో పెట్టి, ఆటోలో బండి మడిచి పెడుతూ వెనక్కి చూసింది.

"ఆగితివేల?" అన్నారు గుణేశ్వరరావుగారు, తన పేరు కోసం తలకాయ కొంచెం పక్కకు వంచి, చిరునవ్వుతో. "గట్టిగా చదువు. ఊరంతయు వినవలె."

నూకరాజు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"గుణేశ్వరరావు."